ఎర్రముక్కు కొంగ కనిపించేదాకా

ఉప్పు వాసన. గడ్డకట్టిన నీటి మీద గాలి... ఆ గాలిలో హంసల గొంతులు.

ఫిబ్రవరిలో, బల్గేరియా తీరాన మా పొమోరియె సరస్సు ఇలాగే ఉంటుంది. హోటళ్ళన్నీ మూసి ఉంటాయి. సముద్రం మాకే మిగులుతుంది — నాకూ, నా ఆడబిడ్డ కెరానాకూ.

"ఎన్ని హంసలు వదినా?"

"నలభై దాకా."

"నాకు తెల్లగా ఒకటే మరక. ఏనుగంత హంస వచ్చిందనుకున్నా!"

తను నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కెరానాకి చూపు నడిమధ్య పోయింది. అంచులు మిగిలాయి. వచ్చే చలికాలానికి అవీ ఉండవని డాక్టరు చెప్పాడు.

మార్చి ఒకటిన తన మణికట్టుకి మార్తెనిత్స కట్టాను — ఎరుపు, తెలుపు దారాలు కలిపి పేనింది, వసంతం కోసం. తను నాకు కట్టింది. తొలి ఎర్రముక్కు కొంగని చూశాకే దాన్ని విప్పి, పూసిన కొమ్మకి కట్టాలి.

"ఈసారి నా కళ్ళతో నేనే చూసి విప్పుతా," అంది. "ఎవరో చూశారంటే ఒప్పుకోను."

ఏరు సముద్రంలో కలిసేచోటికి వెళ్ళాం. ఇసుక దిబ్బలకి వెళ్ళాం. ద్రాక్షతోటల పైన గుట్ట ఎక్కాం — నేను ముందు, నా కోటు పట్టుకుని తను వెనక.

మార్చి ఇరవై మూడున నాకు కనిపించింది. ఒక్కటే. ఎత్తుగా, ఒంటరిగా.

చెప్పలేదు. నా దారమూ విప్పలేదు.

ఏప్రిల్‌లో ఇక ఆగలేక అబద్ధమాడాను. సరస్సు మీదుగా ఏదో తెల్లగా ఎగిరింది.

"అదిగో! ఎర్రముక్కు కొంగ!"

"మెడ చాచిందా, ముడుచుకుందా?"

"ముడుచుకుంది."

"అయితే అది మామూలు తెల్లకొంగ. ఎర్రముక్కుది మెడ చాచి ఎగురుతుంది. డెబ్భై దాటాయి, అబద్ధమైనా సరిగ్గా ఆడవేం వదినా!"

మే వచ్చింది. ఉప్పుమళ్ళ గట్ల మీద వంకరముక్కు పిట్టలు గుడ్లు పెట్టాయి. జూన్ వచ్చింది. గూడబాతులు గాలిలో పడవల్లా సాగాయి. బీచి నిండా గొడుగులు...

ఉప్పు తీసే జెల్యాజ్ గట్టు మీంచి అరిచేవాడు.

"ఏం పెద్దమ్మా, ఊరంతా ఈతకి దిగింది, నీకింకా మార్చి పోలేదా?"

"నీ బట్టతల మీద కొంగ గూడు కట్టనీరా, అప్పుడు విప్పుతా!" కెరానా తిరిగి అరిచేది.

నాకు మాత్రం భయం — ఇక కొంగలు గుంపుగా కనిపించేది వెళ్ళిపోయేటప్పుడే. వెళ్ళేవాళ్ళకి రేవులో నేను చెయ్యి ఊపితే వాళ్ళు తిరిగి రారు. తన అన్న, నా భర్త, అలాగే వెళ్ళాడు.

ఆగస్టు చివర, మిట్టమధ్యాహ్నం, జెల్యాజ్ కేక —

"వస్తున్నాయి! పెద్దమ్మా, పరిగెత్తు!"

పరిగెత్తాం. ఇద్దరు ముసలాళ్ళం, చెప్పులు ఒకచోట, మేమొకచోట.

గుట్ట వెనక నుంచి ఎర్రముక్కు కొంగలు లేచాయి. పది కాదు. వంద కాదు. వేలు... సుడి తిరుగుతూ, ఒకదాని మీద ఒకటి, ఆకాశాన్ని చిలుకుతున్నట్టు.

"ఏవీ? ఏవీ?"

సరిగ్గా వాటికేసే చూస్తోంది. అందుకే కనిపించడం లేదు.

"పక్కకి తిరగవే! పక్కకి!"

భుజాలు పట్టుకుని నా వైపు తిప్పాను.

ఆగింది. ఊపిరి బిగబట్టింది.

"వదినా... తిరుగుతున్నాయి. అంచు పొడుగునా... తిరుగుతున్నాయి!"

గంతులేసింది. నా రెండు చేతులూ పట్టుకుని గంతులేసింది. నా మొహానికి జానెడు దూరంలో తన మొహం. కళ్ళు తిన్నగా నా మీదే.

తన చూపు నడిమధ్య నేనున్నాను. అక్కడ తనకేమీ కనిపించదు.

"నువ్వూ చూడు వదినా! వెళ్ళిపోతాయి, చూడు!"

"చూస్తున్నానే," అన్నాను.

తననే చూస్తున్నాను.

దారం విప్పమని తను అడగలేదు. నేనూ విప్పలేదు, వెళ్ళే కొంగలకి చెయ్యి ఊపనూ లేదు.

ఉప్పు వాసన. ఎండిన మళ్ళ మీద వేడిగాలి... ఆ గాలిలో రెక్కలు — గొంతులేని రెక్కలు, దక్షిణానికి.