వంపు సరిచేసిన ఫొటో

మా బావ మాటకారి. ఉత్త చేతులతో నిలబెట్టినా సభని కదలనివ్వడు, ఇక చేతిలో ఆ పాత కెమెరా కూడా ఉంటే చెప్పాలా! ఆ సాయంత్రం తన ఫొటోల ప్రదర్శన ప్రారంభానికి దాన్ని పసిబిడ్డలా చంకనేసుకుని వేదికెక్కాడు. ముందు వరుసలో ఆయన భార్య, అంటే మా అక్క. అక్క పక్కన నేను.

వేదిక వెనక గోడంతా ఒకటే ఫొటో. బావకి పేరు తెచ్చింది అదే. సర్కస్‌లో ఊయల వదిలి ఎగిరిన అమ్మాయి చేతులు, అవతలి ఊయలకి తలకిందులుగా వేలాడుతున్నవాడి చేతులు, మధ్య వెంట్రుకవాసి ఖాళీ. ఫొటో తీసిన ఆ క్షణంలోనే సర్కస్‌లో ఎదుటి మెట్ల మీంచి జనంలో ఎవరో ఫ్లాష్ కొట్టారు. ఆ వెలుగు వెనకనుంచి పడి నాలుగు చేతుల అంచులూ తెల్లగా మెరిశాయి. ఎన్నిసార్లు చూసినా ఆ వేళ్ళు అందుతాయా లేదా అని నాకు గుండె ఆగినట్టుంటుంది.

ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. బావ పత్రికాఫీసులో ఫొటోగ్రాఫరు, నేను పని నేర్చుకుంటున్న కొత్తదాన్ని, ఇద్దరికీ కలిపి ఆఫీసువాళ్ళు ఇచ్చింది ఆ ఒక్క కెమెరా. ఊయలాట మొదలయ్యాక అది మా ఇద్దరి మధ్యా చేతులు మారుతూనే ఉంది. ఆయన చెయ్యి నొప్పెడితే నేను, నా చెయ్యి నొప్పెడితే ఆయన. అమ్మాయి ఎగురుతూనే ఉంది, మేం ఫొటోలు కొడుతూనే ఉన్నాం. ఏ గెంతు ఎవరికి పడిందో చెప్పడం కష్టం.

ఆఫీసు చీకటిగదిలో రీళ్ళు కడిగి ప్రింట్లు వేసేది అక్క. ప్రింటు బయటికి తెచ్చి, “ఇది మీ బావ తీసింది,” అంది. నమ్మాను. నమ్మకపోవడానికేముంది? ఫ్లాష్ వెలిగినట్టే నాకు గుర్తులేదు మరి. అదే చోటు, అదే కెమెరా, అదే రీలు. ఆయనకి దొరికింది, నాకు దొరకలేదు. నాకు లేనిదేదో ఆయనకుందని తేలిపోయిందనుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళు తిప్పలుపడి పత్రిక పని మానేశాను. ఓ వీధిలో చిన్న స్టూడియో పెట్టుకున్నాను. గడ్డం కొంచెం దించండి, కళ్ళు ఆర్పకండి, రేపొచ్చి తీసుకోండి. బతుకు వెళ్ళిపోయింది. అసూయ లేదంటే ఎవరూ నమ్మరు గాని, నిజంగా లేదు. మా బావ తీశాడని నా స్టూడియో గోడకి కూడా ఆ ఫొటో తగిలించుకున్నాను.

వేదిక మీద బావ కెమెరాని పైకెత్తి చూపిస్తున్నాడు. ఎదురుగా ఫోన్లలో తప్ప ఫొటోలెరగని కుర్రకారు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. అన్యాయంగా మాట్లాడను, కెమెరా గురించి ఆయన చెప్పినవన్నీ నిజాలే. ఇటుకంత బరువు, ఆ బరువే చెయ్యి వణక్కుండా కాస్తుంది. నల్లరంగు అరిగి మూలల్లో ఇత్తడి బయటపడ్డా లోపల ఒక్క చక్రం మొరాయించదు. బ్యాటరీ చచ్చినా షట్టర్ పడుతుంది. ప్రతి మీటా వేలికి అందేచోటే ఉంటుంది, కాబట్టి కన్ను తీయకుండానే అన్నీ తిప్పుకోవచ్చు. తయారుచేసినవాడెవడో ఫొటోగ్రాఫరు చేతుల్ని ఎన్నాళ్ళో కూర్చుని చూసుంటాడు.

“లోపల ఓ అద్దముంటుంది,” అన్నాడు బావ. “లెన్స్‌లోంచి వచ్చిన వెలుగు అద్దం మీదపడి పైకెక్కి మన కంట్లోకి వస్తుంది. అంటే, ఫిల్ముకి ఏది పడుతుందో అదే మనకీ కనిపిస్తుందన్నమాట. మోసం లేదు!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

“ఆ రోజూ అంతే. కెమెరా వెనకున్న ఈ చిన్న కిటికీకి కన్ను ఆనించుకుని ఉన్నా. అమ్మాయి ఎగిరింది. వేళ్ళు అందబోతున్నాయి. మీట నొక్కా. నొక్కుతుండగానే ఫెళ్ళున ఫ్లాష్! నాలుగు చేతులూ దీపాల్లా వెలిగిపోయాయి. ఇదిగో, ఇందులోంచే చూశా. ఆ వెలుగు ఇప్పటికీ నా కళ్ళల్లోనే ఉంది!”

కళ్ళకు కట్టినట్టు చెప్పాడు. చప్పట్లు మోగాయి. కొట్టబోయిన నా చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి.

అద్దం సంగతి ఆయన సగమే చెప్పాడు. మీట నొక్కగానే ఆ అద్దం పైకి లేచిపోతుంది. లేవకపోతే వెలుగు ఫిల్ముకి చేరదు. అది లేచి ఉన్నంతసేపూ, రెప్పపాటు, కంటికి అంతా చీకటే. ఫిల్ము చూసేది మనం చూడలేం. ఫ్లాష్ వెలుగు ఆ రెప్పపాటులో వందోవంతు కూడా ఉండదు. అది ఫొటోలో పడిందంటే, రెండో కన్ను తెరిచి ఉంటే తప్ప తీసినవాళ్ళకి కనిపించి ఉండదు. అలా కాకుండా కనిపించిందంటే, ఆ మనిషి కెమెరా పట్టుకోకుండా పక్కన నిలబడి ఉన్నాడు.

ఈ అద్దం సంగతి నాకు ఎప్పట్నుంచో తెలుసు. కానీ అక్క తేల్చి చెప్పినదాన్ని మళ్ళీ తిరగదోడాలని ఏనాడూ తోచలేదు.

లేచి నిలబడ్డాను. “బావా, ఆ ఫ్లాష్ ఏ కంటితో చూశావు?”

మరదలు బావని ఆటపట్టిస్తోందనుకుని హాలంతా గొల్లుమంది. బావ కూడా ఊపుమీదున్నాడు. “ఈ కంటితోనే మరదలా! రెండోది మూసుకునే ఉన్నా!” అన్నాడు. అని, నా ముఖం చూశాడు. నేను నవ్వడం లేదని అప్పుడు గమనించినట్టున్నాడు. తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయి, కెమెరాని బల్లమీద పెట్టి, మంచినీళ్ళ గ్లాసందుకున్నాడు. జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

నేను బయటి వసారాలోకి వచ్చేశాను. అక్క వెనకే వచ్చింది. రాకపోతే ఆమెకేమీ తెలియదనే అనుకునేదాన్ని.

“అక్కా, నీకు తెలుసా?”

అక్క గోడకి ఆనుకుంది. “రీలు కడిగిన రోజే తెలిసింది. నువ్వు ఎడమ కంటితో చూస్తావు. రీలు తిప్పే లీవరు కనుబొమకి గుచ్చుకుంటుందని కెమెరాని కాస్త వంచి పట్టుకుంటావు. నీ ఫొటోలన్నీ ఒకేవైపు వంగుతాయి. అదీ వంగింది. ప్రింటేసేటప్పుడు వంపు నేనే సరిచేశా.”

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఇంటిదొంగ జ్వరమొస్తే నాకు గంజి తాగించిన మనిషి, నాకు జడలు వేసిన మనిషి.

“ఎందుకు?”

“అప్పుడాయన్ని పనిలోంచి తీసేస్తారని ఒకటే గొడవ. నీకేం, చిన్నదానివి, ఇలాంటివి పది తీస్తావనుకున్నా. తర్వాత చెబుదామంటే, నువ్వు మానేశావు. నీకే ఆశ లేనప్పుడు ఇప్పుడు చెప్పి ఏం లాభంలే అనుకున్నా.”

“ఆశ లేకా?” అన్నాను. “పేరు పోతే పోయిందక్కా. ఆయన పక్కనే నిలబడి కూడా తీయలేకపోయాను, ఇది నాకు చేతకాని పని అనుకుని మానేశాను. నువ్వు చెప్పావు కాబట్టే అలా అనుకున్నాను. ఇంకెవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు.”

అక్క ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. చిన్నప్పటినుంచీ తను ఏడిస్తే నేను చూడలేను. ఆ పూట చూస్తూ నిలబడ్డాను. చివరికి ముఖం తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. క్షమించమంటుందనుకున్నాను. అడిగి ఉంటే క్షమించేసేదాన్నే, నా సంగతి నాకు తెలుసు.

“ఎవరితోనూ అనకే,” అంది.