కోటిలింగం కూర్చునే ఎముకలో

నేను ఒక మేకును. గోడకు క్యాలెండరు తగిలించే రకాన్ని కాదు లెండి. వేలి గోరంత ఉంటాను, టైటానియంతో చేశారు, నా మెడకు గట్టి దారం కట్టి ఉంటుంది. మూసిన డబ్బాలో గుంటూరు ఆస్పత్రికి వచ్చాను. ఎవరి ఒంట్లోకి వెళ్తానో తెలియక ఆ డబ్బాలో ఒక్క క్షణం కుదురుగా లేను. చివరికి నేతపని చేసే కోటిలింగం ఒంట్లో, సరిగ్గా ఆయన కూర్చునే ఎముకలో నాకు చోటు దొరికింది. ఏం యోగమో!

నాలుగేళ్ల క్రితం ఆయన రంగునీళ్ల మీద జారి, కాళ్లు బార్లా చాపుకుని పడ్డాడు. తొడ వెనక కండరం ఎముక నుంచి ఊడిపోయింది. "నరం పట్టేసింది" అన్నారంతా. మనుషులకు ఏ నొప్పి వచ్చినా నరమే పట్టేస్తుంది! ఇక నూనె రాయించుకోవడం, తోమించుకోవడం. గుంట మగ్గం అంచున తువ్వాలు మడతేసుకుని, ఒక పిర్ర మీదే ఆని నేశాడు మహానుభావుడు. చివరికి ఆ కాలు తొక్కుడు చెక్కను నొక్కడమే మానేసింది.

"తెగిన పోగును అతికినట్టు అతికేయండి డాక్టరమ్మా" అన్నాడు, అప్పటికి ఆస్పత్రికొచ్చి.

"పాత పోగు కదా కోటిలింగంగారూ, ముడుచుకుని కిందికి జారిపోయింది. లాగి తెచ్చి కుడతాను. అతుక్కునేదాకా కూర్చోకూడదు, వంగకూడదు. మళ్లీ ఊడిందంటే మగ్గం సంగతి మరిచిపోవాల్సిందే" అంది డాక్టరు.

అలా ఎముకలో దిగి, నా దారంతో ఆ కండరాన్ని పట్టి ఉంచడం నా పనైంది. ఇంటికొచ్చాక ఆయన బోర్లా పడుకుని కూడా ఊరుకుంటేనా! మగ్గం మీద భార్య శేషారత్నం కూర్చుంది. ఆమె నేత దెబ్బ ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా పడుతుంటే ఆయన పళ్లు కొరికేవాడు. ఒకరోజు ఆమె వంటింట్లోకి వెళ్లిన సందు చూసి, చంక కర్రలు పక్కన పడేసి, గుంటలో కాలు పెట్టి నడుం వంచాడు. దారం బిగిసింది. అయిపోయింది, ఊడిపోతున్నాం అని హడలిపోయాను.

శేషారత్నం పరుగున వచ్చింది. కత్తెర తీసి, మగ్గం మీద నిండుగా ఉన్న పడుగు పోగుల మీద పెట్టింది.

"కూర్చున్నావంటే మొత్తం కోసి పారేస్తా! నీ కాలే పోయాక ఈ చీర నాకెందుకయ్యా?"

కాలు పోతుందంటే భయపడనివాడు పడుగు పోతుందనేసరికి తెల్లబోయాడు.

"వద్దే, వద్దు" అంటూ మెల్లగా కాలు పైకి తీశాడు.

నెలలు గడిచాక కండరం ఎముకను పట్టుకుంది. డాక్టరు సరేనంది. ఆయన మగ్గం దగ్గరికొచ్చి, అలవాటుగా తువ్వాలు మడతపెట్టాడు. శేషారత్నం దాన్ని లాగేసుకుంది.

"సరిగ్గా కూర్చో."

రెండు పక్కలా ఆని కూర్చున్నాడు. ఆయన బరువంతా నా మీద పడింది. ఊపిరి బిగబట్టి చెక్క నొక్కాడు. నొప్పి లేదు. మళ్లీ నొక్కాడు. దెబ్బలు సమంగా పడుతుంటే శేషారత్నం కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు నాతో పెద్దగా పనిలేదు. అయినా ఆయన వంగినప్పుడల్లా నాకు గుండె దడే. కత్తెరను మాత్రం శేషారత్నం మగ్గం పక్కన గోడ మేకుకే తగిలించి ఉంచింది. ఎందుకైనా మంచిదట.