ఉప్పు బస్తా మీద గార్యులస్

మా కొట్లో డబ్బా మీద రాసింది ఒకటి, లోపల ఉండేది ఇంకొకటి. బిస్కెట్ల డబ్బాలో ఇంగువ ఉంటుంది, టీపొడి డబ్బాలో మిరియాలు. ఏ అరలోకి వెళ్ళాలో మా చేతులకి తెలుసు, రాత ఎవరూ చదవరు. నరసరావుపేటలో మా అన్న బాలకోటయ్య, నేను ముప్పై ఏళ్ళుగా ఇలాగే నడుపుతున్నాం. అందుకే నేను చేసిన పని తప్పని నాకు తట్టలేదు.

అన్న కూతురు పూర్ణిమ బ్యాంకు పరీక్ష రాస్తోంది. రెండుసార్లు ఇంగ్లీషులోనే పోయింది. ఇదే ఆఖరుసారి, రాకపోతే వచ్చి కొట్లో కూర్చోవాలని అన్న తేల్చేశాడు. కోచింగ్ సారేమో మాటలు వల్లె వేయొద్దు, ఒక్కో మాటని కళ్ళెదుట ఉండే వస్తువుకో మనిషికో తగిలించుకుని గుర్తుపెట్టుకోమన్నాడట. దాంతో పది రోజుల్లో కొట్టంతా ఇంగ్లీషు మాటలు రాసిన పసుపు చీటీలు అంటించింది. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. అక్షరాలు కూడబలుక్కోగలను గానీ అర్థాలు తెలియవు.

గురువారం ఆమె అన్నానికి వెళ్ళినప్పుడు అక్కడొకటి ఇక్కడొకటి గుప్పెడు చీటీలు పీకి, చేతికందిన చోటల్లా అంటించాను. నవ్వుతుంది, నాలుగు తిడుతుంది, అయిపోతుంది అనుకున్నాను.

ఆమె నవ్వలేదు. చీటీలు చూసింది, నోట్సు చూసింది, మళ్ళీ చీటీలు చూసింది. నేనే తప్పు అంటించానేమో అని గొణుక్కుంది. సాయంత్రానికి ముఖం పాలిపోయింది.

"పుస్తకం చూస్తే వస్తంది బాబాయ్. కళ్ళు మూసుకుంటే చీటీ ఇంకోచోట కనపడతంది. ఆదివారం పోయి ఏం రాయాల?"

నేనేనని చెప్పలేక లెక్కల పుస్తకం ముందేసుకున్నాను.

తెల్లారి ఆమె కోచింగుకి వెళ్ళగానే ఎక్కడి చీటీలు అక్కడ పెడదామనుకున్నాను. ఏది ఎక్కడిదో గుర్తుంటేగా. సామాన్లకొచ్చిన ఫరా టీచరమ్మని ఆపి ఒక్కొక్కటీ చూపించాను. ఆబ్‌స్టినేట్ అంటే మొండి ఘటమట. ఫ్రూగల్ అంటే ఏదీ పారెయ్యకుండా పొదుపు చేసేదట. ఆబ్సొలీట్ అంటే కాలం చెల్లిపోయిందట. మూడూ మా అన్నే. తీసుకెళ్ళి ఆయన గల్లాపెట్టెకి అంటించాను.

ఉప్పు బస్తా మీద ఇంకోటి మిగిలింది, గార్యులస్. ఊరికే వాగుతూ ఉండేవాళ్ళని అలా అంటారని చెప్పింది. దానికి ఆలోచించే పనే లేదు. పక్కింటి సీతారావమ్మక్క రోజూ వచ్చి మా బెంచీ మీద గంటలకి గంటలు మాట్లాడుతుంది. నేనూ ఉంటాను గానీ, బదులు చెప్పడానికే. చీటీ బెంచీకి అంటించి, ఫరా టీచరమ్మకి సీతారావమ్మక్క సంగతంతా మొదట్నించీ చెప్పాను. ఆవిడ ఎందుకో మాటిమాటికీ వాచీ చూసుకుంది.

పూర్ణిమ వచ్చి గల్లాపెట్టె చూసింది, బెంచీ చూసింది. తర్వాత నన్ను చూసింది.

"నువ్వేనా?"

తల ఊపాను.

"నిన్నట్నించీ నాకు పిచ్చెక్కిందనుకున్నా బాబాయ్."

ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. వాళ్ళ నాన్న రాకముందే మూడు చీటీలూ పీకింది. ఇద్దరం లాగితే గానీ దిగని షట్టరుకి ఒకటి, కొత్త కాటా వచ్చాక మూలన పడ్డ తూకం రాళ్ళకి ఒకటి, పార్సిళ్ళకి కట్టొచ్చిన పురికొస విప్పి వాళ్ళ నాన్న చుట్టుకునే ఉండకి ఒకటి అంటించింది. బెంచీ మీది చీటీ తీసి నా వెనక్కొచ్చింది.

"ఇది ఈడది," అని నా కుర్చీ వీపుకి అంటించింది.

ఆదివారం గుంటూరులో పరీక్ష రాసొచ్చి బస్సు దిగగానే ఎట్లా రాశావని అడిగాను. గార్యులస్ వచ్చిందట, ఆ మాట చూడగానే నేను కనపడ్డానట. ఆబ్‌స్టినేట్ కూడా వచ్చిందట గానీ షట్టరు గుర్తురాలేదట, వాళ్ళ నాన్న గుర్తొచ్చాడట. మరి ఒప్పా తప్పా అంటే ఒప్పే అంది. మిగతావి కొన్నిటికి రెండేసి చోట్లు కనపడ్డాయట. వాటి సంగతి ఆమెకే తెలియదు. నేను చేసింది మేలో కీడో నాకంతకన్నా తెలియదు.

ఫలితాలు వచ్చేదాకా ఏ చీటీ కదపనని నాచేత ఒట్టేయించుకుంది. మొన్న సీతారావమ్మక్క నా కుర్చీ వెనక చూసి, ఏందిరా అది అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. కొట్టు కట్టేసే వేళయినా పూర్తికాలేదు.