పద్నాలుగో నిబంధన

టోంగా రాజధాని నుకుఅలోఫాలోని కమిటీ గదిలో లెసియెలి కూర్చున్నచోట కూర్చోలేకపోతోంది. జనం ఫోన్లో పెట్టుకున్న సొంత సంగతులు ఏ కంపెనీ అయినా అనుమతి లేకుండా ఎవరికీ చేరవేయకూడదన్న పద్నాలుగో నిబంధన రాసింది ఆమే. ఓట్లు మూడు. అధ్యక్షుడు కంపెనీ పక్షం. ముసలి ఫిఫితా ఎటూ తేల్చుకోలేదు. మూడోవాడు సెమిసి, ఆమె సొంత అన్న, నిబంధన కావాలన్నవాడు.

"టోంగాలో ఇన్నేళ్ళలో ఒక్క ఫిర్యాదు లేదండీ," అన్నాడు కంపెనీ మనిషి. సిడ్నీ నుంచి దిగీ దిగగానే టోంగావాళ్ళు మర్యాద కోసం చుట్టుకున్నట్టే నడుముకు చాప చుట్టుకుని మరీ వచ్చాడు.

"నిజమే కదమ్మా! ఒక్కటి చూపించు, చాలు," అన్నాడు ఫిఫితా.

ఫిర్యాదు లేదట! ఏ ఆడది చేస్తుంది, ఎవరి ఎదుట చేస్తుంది? నాలుగు నెలల క్రితం లెసియెలికి కడుపు పోయింది. నెలలు లెక్కపెట్టే యాప్‌లో తప్ప ఎక్కడా చెప్పుకోలేదు. మర్నాడే సెమిసి ఫోన్లో ప్రకటన: బిడ్డను పోగొట్టుకున్న మీ చెల్లెలికి పూలు పంపండి. ఆ సంగతి వదిన చెప్పింది. టోంగా ఆచారంలో అన్నాచెల్లెళ్ళు ఉన్నచోట కడుపు మాట, కాన్పు మాట మూడో మనిషి ఎత్తినా తప్పే. ఆనాటి నుంచి సెమిసి ఆమె గుమ్మం తొక్కలేదు.

ఇప్పుడు చెబితే అన్న తల ఎత్తుకోలేడు. చెప్పకపోతే నిబంధన పోతుంది. కంపెనీవాడి నవ్వు చూస్తే ఒళ్ళు మండిపోతోంది.

"ఉంది," అంది చివరికి. "కానీ ఇక్కడ చెప్పలేను."

సెమిసి లేచాడు. ఆమె వంక చూడకుండా తలుపు వైపు నడిచాడు.

"వెళ్తే నీ ఓటు పోతుందోయ్!" అరిచాడు అధ్యక్షుడు.

"కిటికీ పక్కనే ఉంటా. ఓటుకి కేకెయ్యండి."

బయట వీపు తిప్పి, చెవులు రెండూ మూసుకుని నిలబడ్డాడు. లెసియెలి అంతా చెప్పింది. ఆపుకుందామనుకున్న ఏడుపు ఆగలేదు.

"మా అక్క రెండేళ్ళుగా మా ఇంటికి రావట్లేదు. ఎందుకని అడిగితే ఒక్కరూ చెప్పరు," అంటూ ఫిఫితా చెయ్యెత్తాడు. అధ్యక్షుడు ఎత్తలేదు.

సెమిసిని మూడుసార్లు పిలవాల్సి వచ్చింది. ఇటు తిరగకుండానే, కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి ఎత్తాడు.

"ఆవిడేం చెప్పిందో వినకుండానే?" అన్నాడు అధ్యక్షుడు.

"నాకు తెలియకూడనిది నాలుగు నెలల కిందటే తెలిసిపోయిందయ్యా," అన్నాడు సెమిసి. "అందుకే ఎత్తాను."