ఒంటి గుండీల సొరుగు

ఉదయం తొమ్మిదింబావుకు తెల్ల గుండీలు మాయమయ్యాయి. దుకాణంలో కాదు, వెబ్‌సైటులో.

పిన్ని ఫోనులో ‘తెలుపు’ నొక్కింది. ఏమీ లేవని వచ్చింది.

"డబ్బాల నిండా ఉన్నాయి కదే, ఎవరెత్తుకుపోయారు?"

వీధి అంతా గుండీలక్క అని పిలిచే పిన్ని అక్క కూతురు కంప్యూటరు ముందు కూర్చుని తప్పు వెతికింది. పెళ్లికి ముందు నుంచీ ఆమె ఈ కౌంటరు వెనకే ఉంది. ఎవరొచ్చినా మొదట "ఏ బట్టకి?" అంటుంది, తర్వాత "ఎన్ని రంధ్రాలు?", రంగు ఆఖర్న. వెబ్‌సైటులోనూ ఆ వరసనే అరలోపల అర కట్టింది. బట్ట పేరు చెప్పనిదే రంగు దగ్గరికి దారి లేదు.

"ఫోను పట్టుకున్నవాళ్లు కూడా నీకు జవాబు చెప్పాలా ఏం?" అంది పిన్ని.

దుకాణం పిన్నిది. మోకాళ్లు మొరాయిస్తున్నాయి, సాయంత్రం బస్సుకు చెల్లెలి ఊరు వెళ్లిపోతోంది. రేపటి నుంచి షట్టరు తెరవరు, అమ్మకమంతా వెబ్‌సైటులోనే. బీరువాలు పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. గుండీలన్నీ డబ్బాల్లోకి సర్దారు, ఒంటివి తప్ప. జత లేక మిగిలినవి, నేల మీద దొరికినవి గుండీలక్క ఒక సొరుగులో వేస్తూ వచ్చింది.

"ఒక్కదాని కోసం ఎవరు వెతుకుతారే? సొరుగుతో సహా ఇచ్చెయ్."

"ఒకటి ఊడినవాళ్లు వెతుకుతారు పిన్నీ."

"సరే. బస్సు వేళకి నాకు ఫోనులో దొరికితే ఉంచుకో. లేకపోతే వాడికే."

గుండీలక్క రంగును అరల్లోంచి తీసి విడిగా పెట్టింది, ఎటునుంచి వచ్చినా తగిలేలా. ఒంటివాటికి సొంత అర ఇచ్చి, దాని కింద కోటు, చొక్కా, దిండు గలీబు అని విడదీసింది. ఒక్కోదానికీ ఫొటో తీసింది. మధ్యాహ్నం అన్నం సాయంత్రం తింది.

సామాన్లవాడు బీరువాలు వ్యానులోకి ఎక్కిస్తుండగా పిన్ని గోధుమరంగు నొక్కింది. ఒంటివి. కోటు. ఒకటి వచ్చింది. ఫోను వంక చూసి, శాలువా తొలగించి తన కోటు వంక చూసుకుంది. పై గుండీ చోట పిన్నీసు ఉంది.

"ఇది నాదేనే! ఎక్కడ దొరికింది?"

"నీ కుర్చీ కింద, పోయిన చలికాలం. ఊడిందని చెప్పొచ్చుగా?"

"గుండీల కొట్టుదాన్ని, గుండీ ఊడిందని ఎవరితో చెప్పుకోను?"

నవ్వు ఆగాక గుండీలక్క దాన్ని పిన్ని కోటు విప్పకుండానే కుట్టి, దారం పళ్లతో తెంపింది. పిన్ని తాళాలు ఆమె చేతిలో పెట్టి, "వస్తానే" అని, గోడ పట్టుకుని మెట్లు దిగింది.

"ఆ సొరుగు కూడా ఇస్తారామ్మా?" అన్నాడు సామాన్లవాడు.

"అది ఉండనీ."

వ్యాను వెళ్లింది. నేల మీద సొరుగు ఉంది. అందులో పడేసిన సూదికి ఇంకా గోధుమరంగు దారం ఉంది.