జలపతి సారు చెవి

కోరుట్లలో హార్మోనియం నేర్చుకోవాలంటే జలపతి సారు దగ్గరికే పోవాలి. ఆయన సిరిసిల్లలో సాలెవారింట పుట్టాడు. పదేళ్ళు దాటకముందే మగ్గం గుంతలోకి దిగాడు. తర్వాత పాట పిచ్చిలో పడి నూలు వదిలేశాడు. "బట్ట నేస్తే ఒంటి మీదికన్న అస్తది, పాటను ఏం జేస్కుంటవ్ రా" అని తండ్రి పోయేదాకా తిడుతూనే ఉన్నాడు. జలపతి వినలేదు. హైదరాబాదు వెళ్ళి సంగీతం పరీక్ష రాసి, పాసై వచ్చాడు. ఆ చదువుకు ఎవరూ కొలువు ఇవ్వకపోయినా పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, భజనల్లో, నాటకాల్లో, దినాల్లో హార్మోనియం పెట్టె వాయించుకుంటూ సంసారం ఈడ్చుకొచ్చాడు.

అడవిలో అన్నలు, ఊళ్ళో పోలీసులు అన్న కాలం వచ్చాక ఆ బతుకుకూ గండి పడింది. పొద్దు గూకితే చాలు తలుపులు మూతపడేవి. నలుగురు ఒకచోట కూర్చుని తాళం కొడితే మీటింగేమోనని జీపు వచ్చి ఆగేది. చిరుతల భాగోతం ఆడేవాళ్ళు కాళ్ళ గజ్జెలు అటక మీద పడేశారు. ధర్మపురి జాతరకు ఏటా పోయే భజన జట్టులో సగం మంది దుబాయి దారి పట్టారు. పాఠానికి వచ్చే పిల్లలు కూడా ఒక్కొక్కరే మానేశారు. "పాట నేర్తే అడవిల కలుస్తరు సారూ, మాకెందుకా కత?" అని తల్లిదండ్రులు ముఖం మీదే అన్నారు.

వాళ్ళ భయం ఊరికే పుట్టింది కాదు. నర్సక్క కూతురు బాలలక్ష్మి అలాగే పోయింది.

నర్సక్క బీడీలు చుట్టి బతికే మనిషి. మొగుడు ఎప్పుడో కాలం చేశాడు. బాలలక్ష్మి ఒడిలో చాట పెట్టుకుని ఆకు చుడుతూ, పక్కింట్లో జలపతి చెప్పే పాఠాన్ని గోడ అవతలి నుంచే పట్టేసేది. ఒకనాడు తన శిష్యులకు పలకని గమకం గోడ అవతల పలికేసరికి జలపతి లేచి వెళ్ళి ఆ పిల్లను పిలుచుకొచ్చాడు. ఫీజు అడగలేదు. "నిన్ను పరీక్షకు కూసోబెడ్త. నువ్వు సంగీతం టీచరమ్మవైతవ్ బిడ్డా" అనేవాడు. తనకు దక్కనిది ఆ పిల్లకైనా దక్కుతుందని ఆయన ఆశ. కథలాపూర్‌లో మేనత్త ఇంటికని చెప్పి వెళ్ళిన బాలలక్ష్మి మళ్ళీ రాలేదు. దళంలో పాటలు పాడుతోందని ఊరంతా గుసగుసలాడుకుంది. అప్పటి నుంచి నర్సక్క ఇంటి ముందు పోలీసులు తిరగని వారం లేదు.

జలపతి ఇంట్లో పొయ్యి ఒక పూటే వెలుగుతోంది. భార్య శాంత కూడా బీడీల చాట ముందుకు లాక్కుంది. ఆకు కత్తిరించి కత్తిరించి ఆమె వేళ్ళు కాయలు కాశాయి. సరిగ్గా అప్పుడే జగిత్యాలలో ఒక బాలికల పాఠశాలకు సంగీతం టీచరు కావాలని కబురు అందింది. జలపతి ఉతికిన ధోవతి కట్టుకుని వెళ్ళాడు. అక్కడ పిల్లలకు ఒక కీర్తన చెప్పి చూపించమన్నారు. గంట కాకముందే తరగతి అంతా ఒక్క గొంతై పాడింది. స్కూలు నడిపే పెద్దమనిషికి బాగా నచ్చింది.

"రేపే చేరమందును. కానీ కాలం ఎట్లున్నదో నీకెర్కే. నీ మీద ఏ కేసు లేదని ఠాణల రాయించుకరా. గా కాగితం లేకుంట ఎవ్వల్ని తీసుకుంటలేం" అన్నాడాయన.

ఠాణాకు వెళ్ళిన జలపతిని మధ్యాహ్నం దాకా వరండాలో నిలబెట్టారు. ఆ తర్వాత ఇన్‌స్పెక్టర్ లోపలికి పిలిచాడు. కృష్ణా జిల్లా మనిషి. మాట మెత్తగానే ఉంది.

"నీ చెవి చాలా గట్టిదటగా మాస్టారూ? ఒక్కసారి విన్న గొంతు మరిచిపోవటగా?"

జలపతి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ టేపు రికార్డరు మీట నొక్కాడు. డోలక్కు, ఆ వెనక ఆడగొంతు. మొదటి చరణం పూర్తికాకముందే జలపతి గుర్తుపట్టాడు. ఆ బాణీ ఆయనదే. ధర్మపురి నరసింహస్వామి భజన కోసం తాను కట్టుకున్నది. ఇప్పుడు దాంట్లో కూలిరేట్ల మాటలు, తుపాకుల మాటలు కూర్చారు. గొంతు బాలలక్ష్మిది. పై షడ్జం అందుకునే ముందు చిన్నగా ఊపిరి పీల్చడం ఆ పిల్లకు అలవాటు. ఎన్నిసార్లు చెప్పినా మానలేదు.

"పోయిన నెల గోదావరి ఒడ్డున ఎదురుకాల్పుల్లో ఒక ఆడపిల్ల చచ్చింది" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ముఖం గుర్తుపట్టేలా లేదు. మీ బాలలక్ష్మే అనుకుంటున్నాం. కానీ ఈ క్యాసెట్టు తర్వాత దొరికింది. ఇందులో చెప్పే సంగతులు మొన్న మొన్నటివి. ఈ పాడేది బాలలక్ష్మి అయితే ఆమె బతికున్నట్టు. తల్లి ఇంటి మీద కన్నేసి కూర్చుంటాం, ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. కాకపోతే ఫైలు మూసేస్తాం. చెప్పు."

ఔనంటే కొలువు చేతికి వస్తుంది, పిల్ల ప్రాణం పోతుంది. కాదని దొరికిపోతే తన ఎముకలు మిగలవు.

"గాదు సార్" అన్నాడు. "గీ గొంతు ఆమెది గాదు. గామె గొంతు ఇంత పైకి పోదు."

"మరి బాణీ ఎవరిది?"

"తెల్వది సార్. నేనెన్నడు ఇనలె."

ఇన్‌స్పెక్టర్ టేపు ఆపేశాడు. "పోయిరా. మీ కాగితం సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు.

బయటికి వచ్చి బావి గట్టు మీద కూర్చున్నాడు జలపతి. పుట్టి బుద్ధెరిగాక తాను కట్టిన పాట ఒక్కటే ఇన్ని ఊళ్ళు తిరిగింది. దాన్ని కూడా నాది కాదు అనాల్సి వచ్చింది.

ఆ మర్నాడే నర్సక్క కొప్పు ఊడిపోయి, చెప్పులు లేని కాళ్ళతో ఆయన గడప ముందుకు వచ్చింది. వెనకాల వాడకట్టు వాడకట్టంతా ఉంది. సందు మొగదల ఇద్దరు పోలీసులు సైకిళ్ళు ఆనించుకుని నిలబడ్డారు.

"సారూ! గా క్యాసెట్ల గొంతు నా బిడ్డది గాదన్నవని పోలీసోల్లు జెప్పిండ్రు గదా? గట్లయితే గోదారి ఒడ్డుకు సచ్చింది నా బిడ్డేనట. నీ చెవి తప్పదు సారూ. నువ్వే జెప్పు, నీ నోటితోని ఇంట."

జలపతి పోలీసుల వైపు చూడకుండానే వాళ్ళను చూశాడు. తల దించుకుని ఔనన్నట్టు ఊపాడు. నర్సక్క అక్కడే కూలబడి మట్టి తీసి నెత్తిన పోసుకుంది. మగ్గాల పనికి భీవండి పోయిన ఆమె తమ్ముడికి తంతి కొట్టారు. శవం లేకపోయినా పిండిబొమ్మ చేసి దినాలు చేయాలని కులపెద్దలు నిర్ణయించారు.

జలపతి రెండు రోజులు ఓర్చుకున్నాడు. చివరికి తలుపు గడియ పెట్టి శాంతకు ఉన్నదంతా చెప్పేశాడు. శాంత కత్తెర పక్కన పడేసింది.

"బతికున్న పిల్లకు దినాలు జేపిస్తున్నవా? పోయి జెప్పు గామెకు!"

"జెప్తే ఎట్లనే? తల్లి గదా, మొకంల సంబురం దాగుతదా? పోలీసోల్లు ఇట్టె పట్టరా?"

"మొగోనివి, నువ్వే దాసినవ్. ఆడిదానికి దాసిపెట్టుడు రాదా?" అంది శాంత. "గామె బాయిల పడి సస్తే గా పాపం ఎవ్వలిది? నీ కొలువుదా?"

దినాల నాడు పొద్దున్నే వాయిద్యం సంగతి మాట్లాడే నెపంతో జలపతి నర్సక్క ఇంటికి వెళ్ళాడు. ఆమె కుంపటి పక్కన గోడకు ఆనుకుని ఉంది. కళ్ళు పత్తికాయల్లా ఉబ్బిపోయాయి. చుట్టాలంతా వాగు దగ్గరికి సామాను మోస్తున్నారు. జలపతి దగ్గరగా కూర్చున్నాడు.

"నర్సక్కా, గట్టిగ ఒర్లకు. నేను జెప్పేది ఇను. గా గొంతు బాలలక్ష్మిదే. అబద్ధమాడిన. నీ బిడ్డ ఉన్నది."

నర్సక్క గొంతులోంచి ఒక శబ్దం పైకి రాబోయింది, కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత కొంగు తీసి, "ఒట్టా?" అంది.

"సరస్వతి మీద ఒట్టు."

ఆమె లేచి ముఖం కడుక్కుంది. మళ్ళీ ఏమనుకుందో, పొయ్యిలోని బూడిద తీసి నుదుటికి, చెంపలకు పూసుకుంది.

"దినాలు ఆగొద్దు సారూ" అంది మెల్లగా. "ఆగితే వాండ్లకు అనుమానమస్తది. నువ్వు పెట్టె తెచ్చుకో."

వాగు ఒడ్డున పిండిబొమ్మను కాల్చారు. మోదుగాకు విస్తరిలో అన్నం, బాలలక్ష్మి ఇష్టపడే సర్వపిండి పెట్టి పిట్ట కోసం ఎదురు చూశారు. జలపతి చింతచెట్టు నీడన కూర్చుని భజన వాయిస్తున్నాడు. పోలీసులు కాస్త దూరంలో నిలబడ్డారు. కాకులు కొమ్మ మీద వాలుతున్నాయి, అరుస్తున్నాయి, విస్తరి దగ్గరికి మాత్రం రావడం లేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. జనంలో గొణుగుడు మొదలైంది.

"పిట్ట ముడుతలేదంటే పిల్ల సచ్చిందో లేదో" అన్నాడు పోలీసుల్లో ఒకడు, అందరికీ వినిపించేలా.

జలపతి తల ఎత్తకుండా హార్మోనియం మెట్లు నొక్కుతూనే ఉన్నాడు. అప్పుడు నర్సక్క లేచింది. రెండు చేతులూ అడవి వైపు చాచి గుండెలు పగిలేలా అరిచింది.

"అలిగినవానే బిడ్డా! అలుగు! నన్ను ఇడిసిపెట్టి పోయినదానివి, ఇగ నా దిక్కు రాకు! నా కడప తొక్కకు! నేను సచ్చిననన్న మాట ఇన్నా రాకు! ఏడున్నవో గాడనే ఉండు తల్లీ, నీకు దండం బెడ్త, నా ఇంటికి రాకు!"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. ఎవరో ఆమెను పట్టుకున్నారు. చచ్చిన బిడ్డతో అట్లా మాట్లాడే తల్లులను వాళ్ళు చూశారు. బతికున్న బిడ్డను రావద్దని వేడుకుంటోందని, శాంత ఇంటి దగ్గరే ఉండిపోవడంతో, ఆ ఒడ్డున తెలిసినవాడు జలపతి ఒక్కడే. కళ్ళనీళ్ళు మెట్ల మీద పడుతుంటే ఆయన తుడుచుకోకుండా వాయించాడు. చివరికి కులపెద్ద విస్తరి ఎత్తి ఆవుకు పెట్టించాడు. పోలీసులు కూడా చల్లగా సైకిళ్ళెక్కి వెళ్ళిపోయారు.

ఆ వారంలోనే ఇన్‌స్పెక్టర్ కాగితం మీద సంతకం పెట్టాడు. "నువ్వన్నదే నిజమైంది మాస్టారూ. కన్నతల్లే దినాలు చేసింది" అన్నాడు. జలపతి రెండు చేతులతో ఆ కాగితం అందుకుని నమస్కారం పెట్టాడు. శాంతతో జగిత్యాలకు కాపురం మార్చి కొలువులో చేరాడు. పొద్దున ప్రార్థన, ఆ తర్వాత తరగతులు. ఇన్నేళ్ళు కోరుకున్న కుర్చీ అదే. అందులో కూర్చున్న రోజు శాంత పరమాన్నం వండితే ఒక్క ముద్ద కూడా మింగలేకపోయాడు.

నర్సక్క ఆ ఊళ్ళో ఉండలేకపోయింది. నవ్వు వస్తే దాచుకోవాలి, ఏడుపు రాకపోయినా ఏడవాలి. తమ్ముడితో భీవండి పోతానంది. ఆదివారం నాడు జలపతి కోరుట్ల బస్టాండుకు వచ్చి ఆమె మూటను బస్సులో పెట్టాడు. తమ్ముడు టికెట్టు కోసం దిగాక, నర్సక్క కిటికీలోంచి తల బయటికి వంచింది.

"సారూ, ఒక్కటి అడుగుత. మంచిగ పాడిందా?"

జలపతి చుట్టూ చూశాడు. "నేను నేర్పిన దానికన్న మంచిగ పాడింది నర్సక్కా."

ఆమె తల ఊపి, కొంగు నిండా కప్పుకుని కూర్చుంది. బస్సు మెట్‌పల్లి రోడ్డు పట్టింది. జలపతి జగిత్యాల బస్సు ఆగే వైపు నడిచాడు. రేపు పొద్దున్నే పిల్లలకు ప్రార్థన చెప్పాలి.