కాశులమ్మ మెడలో పదకొండు రోజులు

నేను ఒక డ్రెయిన్‌ని. ఆపరేషన్ చేసిన చోట ఊరే నెత్తురునీ నీరునీ బయటికి లాగే సన్నని గొట్టం, దాని చివర పిడికిట్లో ఇమిడే మెత్తని బుడ్డి, అంతే నా ఒళ్లు. ఒక ఫ్యాక్టరీలో పుట్టి, సీలు వేసిన కవర్లో ఏడాదిపాటు ఆసుపత్రి అల్మరాలో పడుకున్నాను. కుర్చీలూ గడియారాలూ తాతల నుంచి మనవల దాకా చేతులు మారతాయి. నాకు మాత్రం ఒక్క మనిషే రాసిపెట్టి ఉంటుంది. ఆ మనిషి కూడా నేనెప్పుడు వదులుతానా అని ఎదురుచూస్తూ ఉంటుంది.

నాకు దక్కిన మనిషి కాశులమ్మ. భీమిలి అవతల సముద్రపొడ్డు పల్లెలో, చేపల గంప నెత్తిన పెట్టుకుని నలభై ఏళ్లు ఊళ్లు తిరిగింది. ఆ పల్లె ఆడవాళ్లలో చాలామందిలాగే అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పుకొసను నోటి లోపల పెట్టుకుని పీల్చేది. అంగిట్లో పుండు లేస్తే వేడి చేసిందనుకుని రెండేళ్లు మజ్జిగ పుక్కిలించింది. చివరికి పట్నం ఆసుపత్రిలో అంగిట్లో సగమూ మెడలోని గడ్డలూ తీసేసి, ఆ మెడకు నన్ను కుట్టి ఇంటికి పంపారు.

కొడుకు నన్ను ఒక్కసారి చూసి చేపలవేటకు వెళ్లిపోయాడు. తుపానుకు బెదరని మనిషి! నన్ను చూసుకునే పని కోడలు నూకరత్నానిదయింది. ఉదయం, సాయంత్రం సబ్బుతో చేతులు కడుక్కునేది. మెడ దగ్గర గొట్టాన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి వేళ్లతో కిందికి దువ్వినట్టు జార్చేది. మూత తీసి గీతల గిన్నెలోకి వంచి, గాలంతా పోయేలా నన్ను నలిపి పట్టుకుని మూత బిగించేది. ఆ నొక్కుడులోనే ఉంది నా ప్రాణం, నలిగి ఉంటేనే లోపలి నీరు లాగగలను. ఊరే నీరు రోజుకు పాతిక మిల్లీలీటర్ల లోపుకు తగ్గితే నన్ను తీసేస్తామన్నారు డాక్టర్లు.

"అత్తా, నిన్న ఎర్రగున్నాది, నేడు గంజినీల్లలాగున్నాది. మంచిదే" అనేది నూకరత్నం.

కాశులమ్మ మొహం తిప్పుకునేది. నన్ను తాకడం మాట అటుంచి, చూడటమే ఆమెకు రోత. నాలుగు వీధులు దద్దరిల్లేలా "సేపలో" అని అరిచిన గొంతు ఇప్పుడు ముక్కులోంచి గాలిలా వచ్చేది.

తొమ్మిదో రోజు సాయంత్రం నన్ను ఖాళీ చేసి, నూకరత్నం పెరటి గోడవార కూలబడింది. కొంగుముడిలోంచి చుట్ట తీసి వెలిగించి, నిప్పుకొస నోట్లోకి తిప్పుకుంది. పదిహేనేళ్ల కిందట, పన్నుపోటుతో ఏడుస్తున్న కొత్తకోడలికి ఆ విద్య నేర్పింది అత్తే.

గుమ్మంలోకి వచ్చిన కాశులమ్మ చూసింది. రవికకు పిన్నుపెట్టి ఉన్న నేను ఊగిపోయేలా విసురుగా వచ్చి, ఆ చుట్ట లాగి పారేసింది. తిట్టబోతే ముక్కులోంచి గాలే వచ్చింది.

"ఒక్కటే అత్తా! నీ నెత్తురు పారబోసినాక ఇది లేపోతే కడుపులో దేవేస్తాది" అని ఏడ్చింది నూకరత్నం.

కాశులమ్మ కోడలి గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది. అంగిలి మీద మీగడ అంటినట్టు తెల్లటి మచ్చ. తనదీ అలాగే మొదలయింది.

పదకొండో రోజు ఆసుపత్రిలో నర్సు కుట్టు కత్తిరించి నన్ను లాగేసింది. కాశులమ్మ మూలగనైనా లేదు. కోడలిని ముందుకు తోసి, "దీని నోరు సూడండి బాబూ, నానే నేర్పినాను" అంది.

డాక్టరు టార్చి వేసి చాలాసేపు చూశాడు. "చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం. అన్ని మచ్చలూ క్యాన్సరుగా మారవు. చుట్ట మాత్రం ఇవాళే మానేయాలి."

నూకరత్నం నేలకేసి చూస్తూ తలూపింది. నర్సు నన్ను ఎర్రరంగు చెత్తబుట్టలో వేయబోతుంటే కాశులమ్మ అడ్డు పడింది.

"ఆగు సిస్టరమ్మా. ఇది నొక్కీది నాకు నేర్పు."

"నీది తీసేశాంగా, ఇంకెందుకమ్మా?"

కాశులమ్మ కోడలి వైపు చూసింది. నర్సు కూడా అటే చూసి, కాశులమ్మ చేతులకు గ్లవుజులు తొడిగి, నన్ను అందించింది. మొదటిసారి నొక్కినప్పుడు, మూత పెట్టేలోపే గాలి దూరి ఉబ్బిపోయాను. రెండోసారీ అంతే. మూడోసారి రెండు చేతులతో నలిపి, పళ్లు బిగబట్టి మూత వేసింది. నేను నలిగినదాన్ని నలిగినట్టే ఉండిపోయాను.

"వచ్చిందమ్మా" అంది నర్సు మెల్లగా.